గట్టు మనది, టెంటు ఎవరిది?

డిసెంబరు వచ్చిందంటే లంబసింగి ఘాట్ రోడ్డుకి నిద్ర ఉండదు. నర్సీపట్నం దాటిన కార్లు, బైకులు తెల్లారగట్ల మూడింటికే వరస కడతాయి. కొందరు మంచు చూడటానికి వస్తారు. కొందరు ముందురోజు సాయంత్రమే వచ్చి తాజంగి జలాశయం వైపు టెంటు వేసుకుని, నెగడు రాజేసుకుని, పాటలు పెట్టుకుని రాత్రంతా గడుపుతారు. పొద్దున్నే నీళ్ల మీద పొగలా లేచే మంచుని ఫోన్లో పట్టుకుని దిగిపోతారు.

తమ్ముడూ, చెల్లీ, ఆ రాత్రి నువ్వు కూడా అక్కడే ఉంటావు. కట్టెలు మోసింది నువ్వే. బొంగులో చికెన్ కాల్చింది నువ్వే. కార్లు సర్దింది, బిందెలతో నీళ్లు తెచ్చింది, తెల్లారాక సీసాలు ఏరింది నువ్వే. నీ చేతికి మూడొందలో, నాలుగొందలో వస్తాయి. మిగతా డబ్బు ఎవరి ఫోన్‌కి స్కాన్ అయ్యిందో నీకు తెలుసు. ఆ ఫోన్ మన ఊరిది కాదు.

ఈ వ్యాసం ఆ ఫోన్ గురించే. క్యాంపింగ్ మీద మాకు కోపం లేదు. కొండని, నీటిని చూడాలని ఎవరికి ఉండదు? వచ్చేవాళ్లు రావాలి. కానీ వాళ్లని రమ్మన్నది ఎవరు, ఎక్కడ పడుకోమన్నది ఎవరు, ఎంత తీసుకోవాలో చెప్పింది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకీ జవాబు "మా ఊరి గ్రామసభ" అయ్యేదాకా గట్టు మనది అని చెప్పుకోవడం ఉత్త మాటే.

లంబసింగికి ఇంకో పేరుంది, కొర్రబయలు. ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారని దానికి చెప్పే అర్థం. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంది. బయట పడుకోవద్దని మన పెద్దలు ఊరికి పేరే పెట్టుకున్నారు. ఇప్పుడు బయట పడుకోవడానికే డబ్బులిచ్చి మరీ వస్తున్నారు. నవ్వొస్తుంది కదా? నవ్వుకో, తప్పులేదు. ఆ డబ్బు ఎటు పోతోందో చూశాక మాత్రం నవ్వు రాదు.

ముందు ఆ నీళ్లు మనకేంటో చెప్పుకుందాం. పర్యాటక బోర్డుల మీద అది 'వ్యూ పాయింట్'. మనకి అది పొలానికి పారే నీరు. పశువులు దిగే రేవు. వలకి చిక్కే చేప. ఆడవాళ్లు బట్టలు ఉతికే బండ. వీటిలో ప్రతిదానికీ గట్టు మీద ఒక చోటుంది, ఒక వేళుంది. అదెక్కడా రాసి ఉండదు, ఊళ్లో అందరికీ తెలుసు. టెంటు వచ్చి సరిగ్గా ఆ చోట్లోనే కూర్చుంటుంది. ఎందుకంటే నీటికి దగ్గరగా, చదునుగా, దారి ఉన్న చోటు అదే. పశువుల దారికి తాడు కడతారు. రేవు దగ్గర ఫోన్లు, డ్రోన్లు తిరుగుతుంటే ఆడవాళ్లు స్నానానికి దిగలేరు. పగిలిన సీసా వర్షానికి పొలంలోకి కొట్టుకొస్తే దమ్ము చేసేటప్పుడు తెగేది మన కాలే.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుదాం. రెండొందల మంది గట్టున పడుకుంటే పొద్దున్నే ఎక్కడికి వెళ్తారు? మరుగుదొడ్డి లేని చోట ఆ గట్టు వెనకకే వెళ్తారు. వానొస్తే అది ఎటు పోతుంది? నీళ్లలోకే. ఆ నీళ్లు ఎవరివి?

వలిసె పూల సంగతి కూడా అంతే. కొండ వాలంతా పసుపుపచ్చగా పూసినప్పుడు ఫొటో కోసం చేనులోకి దిగుతారు. వాళ్లకి అది పూలతోట. మనకి అది నూనె గింజ. తొక్కిన మొక్క గింజ కట్టదు. కొందరు రైతులు చేను చుట్టూ తాడు కట్టి, ఫొటోకి పదో ఇరవయ్యో అడుగుతున్నారు. "ఫొటోకి కూడా డబ్బులా?" అని విసుక్కునేవాళ్లకి చెప్పాలి, అది ఫొటో ధర కాదు, తొక్కిన పంట ధర.

ఇక డబ్బు లెక్కకి వద్దాం. ఇది లెక్క కోసం అనుకునే ఉదాహరణే. గట్టు పక్కన అరెకరం మెట్ట ఉంది. మన పెద్దాయన ఒకరు దాన్ని బయటి మనిషికి సీజనుకి ఇరవై వేలకి ఇచ్చాడు. ఆ మనిషి ముప్పై టెంట్లు వేశాడు. టెంటుకి వెయ్యి. శని, ఆదివారాలు మాత్రమే నిండాయని అనుకున్నా, రెండు నెలల్లో పదహారు రాత్రులు. ముప్పై ఇంటూ వెయ్యి ఇంటూ పదహారు అంటే 4,80,000. తిండి, బోటు, నెగడు కట్టెలు, పార్కింగ్ వేరే. కూలీలకి, సామాన్లకి పోగా ఎంత మిగిలిందో నువ్వే వేసుకో. పెద్దాయనకి ఇరవై వేలు. నీకు రాత్రికి మూడొందలు. గట్టుకి చెత్త.

ఆ ఇరవై వేలకి పెద్దాయన ఏం చేశాడు? వంద రూపాయల స్టాంపు పేపరు మీద వేలిముద్ర వేశాడు. అసలు ప్రమాదం అక్కడుంది. బాగా విను. షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు నిబంధన 1959లో వచ్చింది. 1970లో సవరించారు. మనం 1/70 అని పిలుచుకునేది దాన్నే. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి బదలాయింపు షెడ్యూల్డ్ తెగ మనిషికి గానీ, పూర్తిగా షెడ్యూల్డ్ తెగల సభ్యులతో ఉన్న సహకార సంఘానికి గానీ మాత్రమే చెల్లుతుంది. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే అనుకుంటారు మనోళ్లు. కాదు. తాకట్టు, కౌలు, లీజు, దానం, మార్పిడి అన్నీ బదలాయింపే. "అమ్మలేదు బాబూ, సీజనుకి ఇచ్చానంతే" అన్నా, గిరిజనేతరుడికి ఇస్తే అది చట్టం ఒప్పుకోని పనే. టెంటుకి గోడల్లేవు కాబట్టి చట్టం వర్తించదని ఎవడైనా చెబితే నమ్మకు. టెంటు బట్టదే కావచ్చు, దాని కింద ఉన్నది భూమి.

ఇంకో దారి కూడా నీకు తెలుసు. పేరు మన కుర్రాడిది, బోర్డు మీద ఫొటో మన కుర్రాడిది, పెట్టుబడి, లాభం బయటివాడివి. బినామీ అనే మాట వాడితే మనవాడికి కోపం వస్తుంది. "నాకూ ఏదో వస్తోంది కదా అన్నా" అంటాడు. వస్తుంది. కానీ రేపు బోటు మునిగినా, నెగడు నుంచి అడవి అంటుకున్నా, గంజాయి కేసు పెట్టినా స్టేషన్లో కూర్చునేది బోర్డు మీద పేరున్నవాడే. లాభం తీసుకున్నవాడు ఆరోజు ఫోన్ ఎత్తడు.

"మరి ఉద్యోగాలేవి? ఇదైనా చేయనివ్వండి" అని నువ్వు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే ఇచ్చే 3వ నంబరు జీవోని 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు కొట్టేసింది. డిగ్రీ, బీఈడీ చేసి ఇంట్లో కూర్చున్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. అందుకే పర్యాటకం వద్దని మేం అనడం లేదు. కూలివాడిగా వద్దు, యజమానిగా చేద్దాం అంటున్నాం. 1/70 మనకి అడ్డం కాదు. బయటి డబ్బుకి అడ్డం, మన సంఘానికి దారి.

ఆ దారిని మూసేయాలని చూసేవాళ్లున్నారు. 2025 జనవరిలో విశాఖపట్నంలో పర్యాటక పెట్టుబడిదారుల సదస్సు జరిగింది. పర్యాటకం పెరగాలంటే 1/70ని మార్చాలని అక్కడ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ స్పీకరే అన్నారు. దానికి జవాబుగా ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ అయింది. చట్టాన్ని రద్దు చేసే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. అది మన బలం. కానీ ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. పైనుంచి చట్టాన్ని మార్చడం కష్టమైతే, కిందనుంచి ఒక్కో స్టాంపు పేపరుతో దాన్ని తినేయడం తేలిక. బంద్ రోజు జెండా పట్టుకుని, మర్నాడు గట్టు లీజుకిస్తే ఆ బంద్‌కి అర్థమేంటి?

ఈ రోడ్డుకి కూడా ఒక కథ ఉంది. నూరేళ్ల కింద గూడెం కొండల్లో రోడ్లు వేసింది మన తాతలే. కూలి సరిగా ఇవ్వకుండా, కొట్టి పని చేయించుకున్నారు. అంతకుముందే 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు కొట్టుకోకుండా అడ్డం పడ్డారు. ఆ కసి 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడిగా బయటపడింది. అల్లూరి సీతారామరాజుతో పాటు గాం గంటం దొర, మల్లు దొర ఆ పోరాటంలో ముందు నిలిచారు. అంటే ఈ కొండల్లో రోడ్డు ఎవరి కోసం, పని ఎవరిది, కూలి ఎంత అనే ప్రశ్న కొత్తది కాదు. అప్పుడు రోడ్డు పని, ఇప్పుడు టెంటు పని.

ఇంకో వైపు నుంచి ప్రభుత్వమే వస్తుంది. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టాన్ని 2023లో సవరించారు. అటవీశాఖ వర్కింగ్ ప్లాన్‌లో చేర్చిన ఎకో టూరిజం సదుపాయాలు ఇప్పుడు 'అటవీయేతర పని' లెక్కలోకి రావు. అడవిలో నువ్వు గుడిసె వేస్తే ఆక్రమణ. శాఖ కాటేజీ వేస్తే అడవి పనే. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో లక్నవరం చెరువుంది, కాకతీయుల కాలం నాటిది. దీవుల మధ్య వేలాడే వంతెన, కాటేజీలు, బోట్లు వచ్చాయి. చుట్టుపక్కల కోయ గూడేల పిల్లలు అక్కడ ఏ పని చేస్తున్నారు, ఎవరి కింద చేస్తున్నారు? ఈసారి వెళ్లినప్పుడు నీళ్ల ఫొటోతో పాటు ఈ ప్రశ్న కూడా తీసుకుని రా.

మరి మన చేతిలో ఏముంది? చాలానే ఉంది, వాడటమే తక్కువ.

1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభకి తన ఆచారాలు, ఉమ్మడి వనరులు కాపాడుకునే అధికారం ఇచ్చింది. చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకి అప్పగించాలని చెప్పింది. మన రాష్ట్రంలో దానికి నిబంధనలు 2011లో వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం అనగానే మనకి పోడు పట్టాలే గుర్తొస్తాయి. అదే చట్టంలో నీటి వనరుల్లోని చేపల మీద, మేత మీద ఉమ్మడి హక్కు కూడా ఉంది. మన అడవిని మనమే కాపాడుకుని, నిర్వహించుకునే హక్కూ ఉంది. ఐదో సెక్షన్ ఇంకో మాట చెబుతుంది. పరీవాహక ప్రాంతాలు, నీటి వనరులు సరిగా కాపాడబడేలా చూసే అధికారం గ్రామసభదని. గట్టు మీద నెగడు వద్దు అని తీర్మానం చేయడానికి ఇంతకంటే ఏం కావాలి?

అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో ప్రైవేటు మైనింగ్ లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదని. ఒడిశాలో నియమగిరి మీద 2013లో అదే కోర్టు గ్రామసభలని అడగమంటే, అడిగిన పన్నెండు ఊళ్లూ గని వద్దన్నాయి. డోంగ్రియా కోందుల ఆ పన్నెండు సభలు ఒక పెద్ద కంపెనీని ఆపాయి. ముప్పై టెంట్లని ఆపలేమా? ఆపడం కూడా కాదు, మన మాట మీద నడిపించలేమా?

నడిపించిన వాళ్లున్నారు. నాగాలాండ్‌లో ఖోనోమా అనే అంగామి నాగా ఊరుంది. ఒకప్పుడు వేటకి పేరు. ఆ ఊరి మండలి 1998లో తమ అడవిలో ట్రాగోపాన్ అనే పిట్ట కోసం తామే అభయారణ్యం పెట్టుకుంది, వేట మానేసింది. ఇప్పుడు అక్కడికి చూడ్డానికి వచ్చేవాళ్లు ఊరికి రుసుము కడతారు, ఊళ్లో ఇళ్లలోనే ఉంటారు. నియమం ఊరిది, డబ్బు ఊళ్లోకే. మన దగ్గర మారేడుమిల్లి పక్కన వలమూరులో వన సంరక్షణ సమితి పేరుతో క్యాంపు నడిచింది. స్థానిక ఆదివాసీలే వండారు, దారి చూపించారు. అయితే వన సంరక్షణ సమితి అటవీశాఖ నీడలో పుట్టింది. గ్రామసభ ఎవరి నీడా కాదు. ఆ తేడా మర్చిపోకుండా ఆ అనుభవం నుంచి నేర్చుకోవచ్చు.

కాబట్టి దసరా లోపు, అంటే సీజను మొదలవకముందే, ఈ పని చెయ్యి.

ఊళ్లో పదిమంది కుర్రాళ్లు, పదిమంది ఆడవాళ్లు కలిసి గట్టు చుట్టూ ఒకసారి నడవండి. రేవు ఎక్కడ, పశువుల దారి ఎక్కడ, దేవత చోటు ఎక్కడ, చేపలు గుడ్లు పెట్టే లోతు లేని చోటు ఎక్కడ, కాగితం మీద గీయండి. ఆ చోట్లలో టెంటు పడకూడదు. ఆడవాళ్లు లేకుండా ఈ పటం గీయొద్దు. రేవు సంగతి వాళ్లకి తెలిసినంత మనకి తెలీదు.

తర్వాత గ్రామసభ పెట్టండి. తీర్మానంలో ఇవి రాయండి. ఎన్ని టెంట్లు, ఏ చోట, నీటికి ఎంత దూరంలో. నెగడు ఎక్కడ, కట్టె ఎక్కడిది. మరుగుదొడ్డి లేకుండా టెంటు లేదు. రాత్రి ఎన్నింటికి పాటలు ఆగాలి. మందు, డ్రోను సంగతేంటి. మనుషుల ఫొటో అడగకుండా తీయకూడదు. చెత్త తెచ్చినవాడే పట్టుకుపోవాలి. టెంటుకి ఊరి రుసుము ఎంత, అది ఎవరి ఖాతాలో, లెక్క ఎప్పుడు చదవాలి. చివరి వాక్యం మాత్రం తప్పనిసరి: గిరిజనేతరులకి గానీ వాళ్ల బినామీలకి గానీ గట్టు భూమి లీజుకి ఇవ్వం.

తీర్మానం కాపీ పంచాయతీకి, తహసీల్దారుకి, పాడేరు ఐటీడీఏకి ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని కాగితం చిత్తుకాగితం. ఇప్పటికే లీజులు రాసి ఉంటే పెద్దాయన్ని తిట్టొద్దు. ఆయన అవసరంలో వేశాడు వేలిముద్ర. ఆయన్ని పక్కన పెట్టుకుని, భూబదలాయింపు కేసులు వినే స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆ తర్వాత సంఘం. పూర్తిగా మన తెగల సభ్యులతో సహకార సంఘం పెట్టుకోండి. మొదట పది టెంట్లు చాలు. రాజ్‌మా, మిరియాలు, కాఫీ, పసుపు కూడా అదే కౌంటర్లో అమ్మండి. మూడొందల కూలి వచ్చే చోట వాటా వస్తుంది.

బోటు పెడితే మాత్రం ఒక్క మాట. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలకి వెళ్తున్న పర్యాటక బోటు మునిగింది. ఎన్నో కుటుంబాలు ఆరిపోయాయి. బతికిన వాళ్లని ఒడ్డుకి చేర్చింది నాటు పడవలేసుకుని వెళ్లిన ఆ ఊళ్లవాళ్లే. మనం నడిపే బోటులో లైఫ్ జాకెట్ లేకుండా ఒక్కరు ఎక్కకూడదు. గాలి లేస్తే, పొద్దు గూకితే బోటు దిగకూడదు. నీళ్లు మనవి కాబట్టి ప్రాణాల పూచీ కూడా మనదే.

మైదానం నుంచి మా పేజీ చదివే మిత్రులకి రెండు ముక్కలు. మీరు రండి. వచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి, ఈ క్యాంపు ఎవరిది అని. ఊరి సంఘానిదైతే రండి, రసీదు తీసుకోండి. కాకపోతే ఇంకో చోటు చూసుకోండి. చలికి వణికే ముసలమ్మని అడగకుండా రీల్ తీయకండి. మా చేను మీ స్టూడియో కాదు. మీ సీసా మీ బండిలోనే తిరిగి వెళ్లాలి. మాతో కలిసి నిలబడ్డామని చెప్పుకునేవాళ్లు మా గట్టు మీద పడుకునే తీరులోనే అది తెలుస్తుంది.

తమ్ముడూ, చెల్లీ, చివరిగా నీకు. సంతలో మన పసుపుకి మన రేటు చెప్పలేకపోతున్నాం, దళారీ చెబుతున్నాడు. గట్టు కూడా అలాగే పోనిస్తే రేపు మన పిల్లలు మన నీళ్లు చూడటానికి టికెట్ కొనాల్సి వస్తుంది. ఈ డిసెంబరులో మంచు ఎలాగూ కురుస్తుంది. బండ్లు ఎలాగూ వస్తాయి. అప్పటికి గట్టు మీద బోర్డు ఉండాలి. దాని మీద నీ ఫొటో అక్కర్లేదు. గ్రామసభ తీర్మానం నంబరు, తేదీ ఉంటే చాలు.

ఈ వ్యాసం చదివాక షేర్ చేస్తావు, సంతోషం. అంతకంటే ముందు మీ ఊరి గ్రామసభ ఎప్పుడో కనుక్కో.

మా ఊళ్లో మా రాజ్యం. జై ఆదివాసీ.